1801 పాయింట్లు... నో బిడ్!

మర్రిపాడు మండలంలో పొగాకు వేసే ఏ రైతునైనా అడగండి. 'నో బిడ్' అన్న రెండు ఇంగ్లీషు ముక్కలకు అర్థం చెప్పడానికి ఆయనకు డిక్షనరీ అక్కర్లేదు. డీసీపల్లి వేలం కేంద్రంలో బేళ్లు వరసగా పేర్చి ఉంటాయి. కొనేవాళ్లు వస్తారు, చూస్తారు, ధర చెబుతారు. ఒకో బేలు దగ్గర మాత్రం ఎవరూ నోరు విప్పరు. ముందుకు సాగిపోతారు. అదే నో బిడ్. ఏడాదంతా నారు పోసి, నీరు పెట్టి, బ్యారన్‌లో కాల్చి, గ్రేడు చేసి తెచ్చిన సరుకును రైతు మళ్లీ బండికెక్కించుకుని ఇంటిదారి పట్టాల్సిందే.

ఇప్పుడు డీసీపల్లి నుంచి ముంబయి వెళదాం. 2025 మే 31, జూన్ 1. అక్కడా వేలమే. సరుకు మాత్రం పొగాకు కాదు, మనుషులు. ప్రొ కబడ్డీ లీగ్ 12వ సీజన్ కోసం 12 జట్లు ఆటగాళ్లను కొనుక్కుంటున్నాయి. ఇరాన్ ఆటగాడు మహ్మద్‌రెజా షాద్లూయ్‌ని గుజరాత్ 2 కోట్ల 23 లక్షలకు పాడుకుంది. కోటి రూపాయలు దాటి పలికినవాళ్లు పదిమంది. ఆ సందట్లోనే ఒక పేరు చదివారు... ప్రదీప్ నర్వాల్. హాల్లో ఒక్క చెయ్యీ లేవలేదు.

ఎవరీ ప్రదీప్? లీగ్ పుట్టిన నాటినుంచి కూతకు వెళ్లి పాయింట్లు తెచ్చినవాళ్లందరి జాబితా తీస్తే అన్నిటికంటే పైన ఉండే పేరు అతనిదే. 190 మ్యాచ్‌లు, 1801 కూత పాయింట్లు. ఆ రికార్డు చెక్కుచెదరకుండా ఉండగానే దాని యజమాని నో బిడ్ అయ్యాడు. వెనక్కి వెళ్లిన బేలును రైతు మళ్లీ గ్రేడు చేసి ఇంకో వారం తెచ్చుకోవచ్చు. ప్రదీప్ మాత్రం ఇక చాలనుకున్నాడు. వేలం ముగిశాక కొద్దిరోజులకే ఆటకు వీడ్కోలు చెప్పేశాడు. అప్పటికి అతని వయసెంతో తెలుసా? 28 ఏళ్లు!

ఈ 1801 అన్న అంకె ఎలా పుట్టిందో, ఎవరెవరి చేతులు మారిందో చెప్పుకోవాలంటే మన తెలుగు టైటాన్స్ దగ్గర ఆగక తప్పదు. ఎందుకంటే చాలాకాలం ఆ రికార్డు మన జట్టు చొక్కా మీదే ఉండేది.

ముందు లెక్క ఏమిటో చూద్దాం. పేపర్లు రైడ్ అంటాయి, మన ఊళ్లలో కూత అంటాం. గీత దాటి వెళ్లినవాడు ఎంతమందిని ముట్టుకుని క్షేమంగా వెనక్కి వస్తే అన్ని పాయింట్లు. అవతల ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడు బోనస్ గీత దాటి కాలు పెడితే ఇంకోటి. ఈ రెండూ కలిపితే ఆటగాడి ఖాతాలో పడే కూత పాయింట్లు. ఎదుటి జట్టు మొత్తం చస్తే వచ్చే ఆలౌట్ పాయింట్లు రెండూ జట్టుకే పోతాయి, ఆటగాడికి కాదు. టైము 30 సెకన్లు. మా చిన్నప్పుడు చెడుగుడులో గడియారాలెక్కడివి! దమ్మే గడియారం. కూత తెగితే చచ్చినట్టు. ఒకడు చస్తే ఇంకొకడు బతకడం... ఇంత చావూ బతుకూ మాట్లాడుకుంటూ నవ్వుతూ ఆడే ఆట మరోటి ఉంటుందా!

సరే, లెక్క ఎప్పుడు మొదలైంది? 2014 జులై 26న, ముంబయిలో. అసలు కథంతా ఆ తేదీలోనే ఉంది.

అంతకుముందు కబడ్డీ లేదా? భలేవారే! 1936 బెర్లిన్ ఒలింపిక్స్ సమయంలోనే అమరావతి (మన అమరావతి కాదు, మహారాష్ట్రది) వ్యాయామశాల కుర్రాళ్లు అక్కడికి వెళ్లి ఆడి చూపించి వచ్చారు. 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో కబడ్డీ పతకాల ఆట అయింది. అప్పటినుంచి 2014 దాకా జరిగిన ఏడు ఆసియా క్రీడల్లోనూ పురుషుల స్వర్ణం మనదే. ఆ పాతికేళ్లలో ఎన్ని వందల కూతలు, ఎంతమంది మొనగాళ్లు! రైల్వే జట్లలో, సర్వీసెస్ జట్లలో, జాతీయ పోటీల్లో రాత్రింబవళ్లు ఆడినవాళ్లు. మరి వాళ్ల కూత పాయింట్లు ఎన్ని? ఇవాళ మనం చూసే జాబితాలో వాళ్లందరికీ కలిపి సున్నా. పతకాలున్నాయి, ఫొటోలున్నాయి. ఖాతా మాత్రం లేదు.

అనూప్ కుమార్‌నే తీసుకోండి. లీగ్ మొదలయ్యేనాటికి అతనికి 30 ఏళ్లు. మోకాళ్లు అప్పటికే సగం అరిగాయి. అయినా తొలి సీజన్‌లో అత్యధిక కూత పాయింట్లు అతనివే. 2016 ప్రపంచకప్ గెలిచిన భారత జట్టుకు కెప్టెన్ కూడా అతనే. కానీ పాయింట్ల జాబితాలో తర్వాతి తరం కుర్రాళ్లు చకచకా దాటుకుంటూ పోయారు. తప్పు ఎవరిదీ కాదు. అతను బాగా పరుగెత్తిన దారిలో మైలురాళ్లు పాతలేదు, అంతే.

తొలి సీజన్ వేలంలో అందరికంటే ఎక్కువ పలికిన ఆటగాడు రాకేశ్ కుమార్. ధర 12 లక్షల 80 వేలు. పట్నా కొనుక్కుంది. ఆ రోజుల్లో కబడ్డీ ఆటగాడికి అంత డబ్బా అని ముక్కున వేలేసుకున్నాం. తర్వాత తొమ్మిదేళ్లకు మన టైటాన్సే ఒక్క ఆటగాడికి ఎంత పోసిందో కాసేపట్లో చెబుతాను.

ఆ తొలి సీజన్‌లోనే తెలుగు టైటాన్స్‌కి ఆడటానికి ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ నుంచి ఒక కుర్రాడొచ్చాడు. రాహుల్ చౌదరి. పేరు చూసి గుంటూరు వైపు వాడనుకున్నవాళ్లు కూడా ఉన్నారు! అతని ఆటలో ఒక సొగసుండేది. గీత దాటగానే తొందరపడడు. అటూ ఇటూ ఊగుతూ, ఎదుటివాడిని తనమీదికి రానిస్తూ, చివరి క్షణంలో చెయ్యి విసిరి తాకి, వెనక్కి తిరిగి కూడా చూడకుండా వచ్చేసేవాడు. విశాఖలో, గచ్చిబౌలిలో జనం అతని పేరు పెట్టి అరిచారు. ఆరు సీజన్లపాటు టైటాన్స్ అంటే రాహులే. అతనున్నప్పుడు జట్టు రెండుసార్లు సెమీఫైనల్ చేరింది. కప్పు మాత్రం రాలేదు, ఈనాటికీ రాలేదు.

లీగ్‌లో 500 కూత పాయింట్లు దాటిన మొదటివాడు రాహులే. అది 2017లో. రికార్డు మన జెర్సీ మీద ఉందని చెప్పింది ఇందుకే. నిజం చెప్పుకోవాలంటే జెర్సీ మనది, మోకాళ్లు బిజ్నోర్‌వి. టైటాన్స్ పేరులో ఉన్న తెలుగు జట్టు బరిలో ఎప్పుడూ పెద్దగా కనిపించలేదు. ఈ మాట చాలామందికి నచ్చదు. కానీ ఊరూరా చెడుగుడు ఆడే రాష్ట్రంలో కూతకు మొనగాడిని ప్రతి ఏటా ఉత్తరాది నుంచి తెచ్చుకోవడమేమిటన్న ప్రశ్న నాకు మొదటి సీజన్ నుంచీ ఉంది.

సరిగ్గా ఆ 2017లోనే రాహుల్ రికార్డుకు ఎసరు పెట్టేవాడు తయారయ్యాడు. హర్యానాలోని సోనీపత్ జిల్లా, రింధానా అనే పల్లె. ప్రదీప్ నర్వాల్. 2015లో బెంగళూరు బుల్స్‌కి ఆడితే ఆ ఏడాది అతని ఖాతాలో పడ్డవి పట్టుమని పది పాయింట్లు కూడా కావు. తర్వాత పట్నా పైరేట్స్‌కి మారాడు. అక్కడ దశ తిరిగింది. పట్నా వరసగా మూడుసార్లు కప్పు గెలిచింది.

ప్రదీప్ ఆయుధం 'డుబ్కీ'. హిందీలో మునక అని అర్థం. నలుగురు చుట్టుముట్టి చేతులు చాపి గొలుసు కట్టి మీదికొస్తారు. ఇక దొరికిపోయాడని జనం లేచి నిలబడతారు. అప్పుడు నడుం వంచి, తల దించి, ఆ చేతుల కిందనుంచి పొదలో దూరిన ముంగిసలా సర్రున బయటపడి గీత అందుకుంటాడు. పట్టుకున్నామనుకున్న నలుగురూ చచ్చినట్టు లెక్క. వాళ్లని చంపింది అతని చెయ్యి కాదు, వాళ్ల ఆశే!

2017 అక్టోబరులో హర్యానా స్టీలర్స్‌తో నాకౌట్ మ్యాచ్. ప్రదీప్ ఒక్క కూతలో బరిలో ఉన్న ఆరుగురినీ ఊడ్చేశాడు. ఆలౌట్‌తో కలిపి జట్టుకు 8 పాయింట్లు. ఆ ఒక్క మ్యాచ్‌లోనే అతనివి 34 కూత పాయింట్లు. స్కోరు 69-30. ఆ సీజన్ మొత్తంమీద 26 మ్యాచ్‌ల్లో 369. ఆ అంకె చూసినప్పుడే రాహుల్ రికార్డుకు రోజులు దగ్గరపడ్డాయని తేలిపోయింది. 2018లో మొదలైన ఆరో సీజన్‌లో ప్రదీప్ అతన్ని దాటేశాడు. ఆ సీజన్‌తోనే రాహుల్‌కి టైటాన్స్‌తో రుణం తీరింది. 2019లో తమిళ జట్టుకు వెళ్లాడు. అదే ఏడాది ప్రదీప్ వెయ్యి కూత పాయింట్లు దాటిన మొదటి ఆటగాడయ్యాడు.

ఇక్కడ రాహుల్ తరఫున ఒక మాట చెప్పాలి. మొదట్లో లీగ్‌లో ఉన్నవి 8 జట్లు. ఒక్కో జట్టుకు లీగ్ దశలో 14 మ్యాచ్‌లు. 2017లో జట్లు 12 అయ్యాయి, మ్యాచ్‌లు 22 అయ్యాయి. రాహుల్ మంచి వయసులో ఉండగా ఆడిన నాలుగు సీజన్లూ చిన్నవే. ప్రదీప్ ఆ వయసుకు వచ్చేసరికి పొలం పెద్దదైంది. ఎకరం దున్నినవాడి దిగుబడినీ, ఎకరంన్నర దున్నినవాడి దిగుబడినీ బస్తాల్లో పోల్చకూడదు. అలాగని ప్రదీప్ గొప్పతనం తగ్గుతుందా? తగ్గదు. పొలం పెద్దదైన సంవత్సరం అందరికీ పెద్దదే అయింది, 369 మాత్రం అతనికొక్కడికే వచ్చాయి.

ఈ లెక్కల తగాదా మనకొక్కరికే కాదు. కెనడా, అమెరికాల్లో ఐస్ హాకీ అని ఒక ఆట ఉంది. గడ్డకట్టిన మంచు మీద ఉక్కు అంచుల బూట్లతో జారుకుంటూ, బంతికి బదులు గట్టి రబ్బరు బిళ్లను కర్రతో కొడతారు. అక్కడి పెద్ద లీగ్ 1917లో మొదలైంది. అందులో జీవితకాలంలో ఎక్కువ గోల్స్ కొట్టినవాడి రికార్డు ఒక వంశావళిలా నడుస్తుంది. నెల్స్ స్టీవర్ట్ 324 గోల్స్‌తో ఆపాడు. 1952లో మారిస్ రిషార్ 325వ గోల్ కొడితే స్టీవర్ట్ అభినందిస్తూ టెలిగ్రామ్ పంపాడు. పెద్దమనిషి! రిషార్ 544 దగ్గర ఆగితే 1963లో గోర్డీ హోవ్ దాటాడు. హోవ్ 52 ఏళ్ల వయసు దాకా ఆడి 801తో ముగించాడు. 1994లో వేన్ గ్రెట్జ్‌కీ 802వది కొట్టాడు, 1999లో 894తో సెలవు తీసుకున్నాడు. ఆ అంకెను ఇక ఎవరూ ముట్టుకోలేరన్నారు. 2025 ఏప్రిల్ 6న న్యూయార్క్ ఐలాండర్స్ మీద రష్యావాడు అలెగ్జాండర్ ఒవెచ్‌కిన్ 895వ గోల్ కొట్టి, మంచు మీద బోర్లా పడి పిల్లాడిలా జారుకుంటూ పోయాడు. ఆట ఆపేసి వేడుక చేశారు. రికార్డు పోగొట్టుకున్న గ్రెట్జ్‌కీ అక్కడే ఉండి అభినందించాడు.

ఇంత పద్ధతిగా ఉన్న ఆ పుస్తకంలోనూ ఒక చిత్రముంది. 1970ల్లో అక్కడ పోటీగా ఇంకో లీగ్ పుట్టి, కొన్నేళ్లు నడిచి మూతపడింది. గోర్డీ హోవ్ అందులో 174 గోల్స్ కొట్టాడు. గ్రెట్జ్‌కీ కూడా కుర్రాడిగా అక్కడ 46 కొట్టాడు. పెద్ద లీగ్ పుస్తకం వాటిని లెక్కలోకి తీసుకోలేదు. తీసుకుని ఉంటే హోవ్ 975, గ్రెట్జ్‌కీ 940. అప్పుడు 2025 ఏప్రిల్‌లో ఒవెచ్‌కిన్ నాలుగోవాడు మాత్రమే! నాకౌట్ మ్యాచ్‌ల గోల్స్‌ని కూడా వాళ్లు ఈ ఖాతాలో కలపరు. మన కబడ్డీలో కలుపుతారు. ప్రదీప్ 34 పాయింట్ల మ్యాచ్ అలా కలిసిందే. గోల్ కొట్టేది ఆటగాడే, కానీ దాన్ని రికార్డు చేసేది గుమాస్తా!

మళ్లీ బరిలోకి వద్దాం. ప్రదీప్‌ని వెంటాడినవాళ్లలో నన్ను బాగా ఆకట్టుకున్నవాళ్లు ఇద్దరు. ఒకరు మణీందర్ సింగ్. 2014లో జైపూర్ తొలి కప్పు గెలిచినప్పుడు ఆ జట్టులో ఉన్నాడు. తర్వాత మూడు సీజన్లు లీగ్‌లో కనిపించలేదు. 2017లో బెంగాల్ జట్టులో తిరిగొచ్చి, అక్కడినుంచి 1500 పాయింట్లు దాటాడు. ఆ మూడు సీజన్లూ ఉండుంటే? ఇలాంటి 'ఉండుంటే'లకు పుస్తకంలో గడి లేదు.

రెండోవాడు పవన్ సెహ్రావత్. 2019లో హర్యానా మీద ఒకే మ్యాచ్‌లో 39 కూత పాయింట్లు తెచ్చి ప్రదీప్ 34ను చెరిపేశాడు. 2022లో తమిళ జట్టు 2 కోట్ల 26 లక్షలకు కొంటే, తొలి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని సీజనంతా బయట కూర్చున్నాడు. 2023లో మన టైటాన్స్ అతన్ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకు పాడుకుంది. ఇందాక చెబుతానన్న లెక్క ఇదే. పవన్ పాయింట్లు బాగానే తెచ్చాడు. జట్టు మాత్రం ఆ సీజన్‌లో 22 మ్యాచ్‌ల్లో రెండే గెలిచి అడుగున నిలిచింది. ఒక్కడు కూత పెడితే సరిపోదు, అవతలివాడు వచ్చినప్పుడు పట్టేవాళ్లూ ఉండాలి కదా! పట్టుపట్టే ఆటగాడి కష్టం ఎప్పుడూ ఇలాగే వెనకబడుతుంది. కూతగాడు ఒక్కసారి వెళ్లి ముగ్గురిని చంపితే మూడు పాయింట్లు. అదే కూతగాడిని ఉడుంపట్టు పట్టి పడేసినవాడికి మామూలుగా ఒకటి. ఈ ఆటలో కూడా అరిచేవాడికే గిరాకీ.

2020లో కరోనా వల్ల అసలు లీగే జరగలేదు. అప్పటికి ప్రదీప్ జోరుమీదున్నాడు. అంతకుముందు సీజన్‌లోనే 302 పాయింట్లు సాధించాడు. ఏడాది ఖాళీ తర్వాత 2021 వేలంలో యూపీ యోధా అతనికి కోటీ 65 లక్షలు పెట్టింది. అప్పటికి లీగ్‌లో అదే అత్యధిక ధర. ఆ తర్వాత డుబ్కీ పదును తగ్గింది. వీడియోలు చూసి చూసి డిఫెండర్లు అతని మునక ఎటు తేలుతుందో కనిపెట్టారు. గొలుసు కట్టేటప్పుడు చేతులు కిందికి దించడం నేర్చుకున్నారు. 2024లో 70 లక్షలకు తిరిగి బెంగళూరు బుల్స్‌కే వచ్చాడు, కెప్టెన్‌గా. జట్టు అట్టడుగున నిలిచింది. అయినా ఆ సీజన్‌లోనే 1800 మైలురాయి దాటి, ఒక్క పాయింటు అదనంగా వేసుకుని ఆగాడు. మొదలుపెట్టిన చొక్కాలోనే ముగింపు. తర్వాతి వేసవిలో ఏమైందో మొదట్లోనే చెప్పుకున్నాం.

వేలంవాళ్లను నిందించి లాభం లేదు. పొగాకు కొనేవాడు నిరుడు మీ ఆకు ఎంత బాగుందో చూడడు, ఇవాళ బేలులో ఉన్న ఆకు రంగు చూస్తాడు. కాకపోతే ఒక మాట. బేలు కొనకపోయినా దానికి నంబరుంటుంది, తూకముంటుంది, రిజిస్టరులో ఎక్కుతుంది. ప్రదీప్‌ని కొనకపోయినా 1801 ఎక్కడికీ పోదు. మరి మా వైపు ఊళ్లలో సంక్రాంతికి, తిరునాళ్లకు సున్నం గీతల మధ్య ఆడే కుర్రాళ్ల సంగతి? ఆత్మకూరు, ఉదయగిరి చుట్టుపక్కల కబడ్డీ పోటీలు పెట్టని పెద్ద ఊరు అరుదు. ఫ్లెక్సీలు కడతారు, మైకులు పెడతారు, గెలిచిన జట్టుకు షీల్డు ఇస్తారు. షీల్డు మీద ఇచ్చినవాడి పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. ఎవడు ఎన్ని కూతలకు వెళ్లాడు, ఎంతమందిని చంపాడు, ఎవడు ఎన్ని పట్లు పట్టాడు... స్కోరు రాసిన కాగితం అదే రాత్రి టీకొట్టు దగ్గర బజ్జీల పొట్లమవుతుంది. ఆ ఊళ్లలో పెద్దవాళ్లను కదిలిస్తే 'మా కాలంలో ఫలానావాడు గీత దాటితే ముగ్గురికి తగ్గకుండా తెచ్చేవాడబ్బయా' అంటారు. ఎన్నిసార్లు తెచ్చాడు? ఎవరి మీద తెచ్చాడు? నవ్వి ఊరుకుంటారు.

ఇది సరదా కోసం అడిగే ప్రశ్న కాదు. ఊళ్లో ఆడిన కుర్రాడు జిల్లా ఎంపికకు వెళితే, అక్కడ చూసేవాళ్లకు అతనెవరో తెలియదు. అరగంటలో నాలుగు కూతలు పెట్టిస్తారు. ఆ అరగంట బాగుంటే సరి, లేకపోతే ఇంటికే. నాలుగేళ్ల పోటీల స్కోరు చేతిలో ఉంటే కనీసం ఇంకో అరగంట అడగడానికి ఆధారముంటుంది. దానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఒక లాంగ్ నోట్‌బుక్కు, గీతలు గీసే స్కేలు, ఆట తెలిసి ఓపికున్న ఒక డ్రిల్లు మాస్టారు. ఇక ఆడపిల్లల సంగతి ఎత్తకపోవడమే మేలు. ప్రొ కబడ్డీవాళ్లు 2016లో మూడు జట్లతో మహిళల పోటీ ఒక్కసారి పెట్టి ఊరుకున్నారు. ఆ ఖాతా పుస్తకం మొదటి పేజీ దగ్గరే మూతపడింది.

మరి ప్రదీప్ రికార్డు నిలుస్తుందా? ఒవెచ్‌కిన్ 2025 నవంబరులో 900 గోల్స్ కూడా దాటాడు గనుక, నిలిచే రికార్డంటూ లేదనే అనుకోవాలి. కబడ్డీలో కుర్రాళ్లు వస్తూనే ఉన్నారు. 2024 సీజన్‌లో పట్నా కుర్రాడు దేవాంక్ దలాల్ 301 కూత పాయింట్లు సాధించాడు. మరుసటి వేలంలో బెంగాల్ అతన్ని 2 కోట్ల 20 లక్షలకు పైగా పెట్టి కొనుక్కుంది. ఏడాదికి 300 అంటే మాటలు కాదు. అన్ని మ్యాచ్‌లూ ఆడాలి, మోకాలు నిలవాలి, వేలంలో ఎవరో ఒకరు చెయ్యెత్తాలి. అవన్నీ కలిసొచ్చి ఒకడు ఏటా 300 చొప్పున ఆరు సీజన్లు సాధించాడే అనుకుందాం. ఆరు మూళ్లు పద్దెనిమిది... 1800. ప్రదీప్‌తో సమం కావడానికే ఇంకొక్క పాయింటు కావాలి. దానికోసం ఏడో ఏడు మళ్లీ వేలానికి రావాలి.